వ్యాధ్యనువర్తిని: పగటి నిద్రను గూర్చిన లెక్కలు, మన తర్కం



మూడేండ్ల క్రిందటి మాట. జ్యేష్ఠమాసం, రోహిణి కార్తె. మధ్యాహ్న నైవేద్యం, హారతి ముగించి, గర్భాలయ ద్వారాలు మూసి, మంటపంలో అంగవస్త్రం పరచుకొని నడుము వాల్చబోతున్నాను. తెల్లవారుజామున మూడున్నరకు లేచేవానికి ఆ వేళ అరగంట కునుకు అవసరమే. మా కొత్తచెరువు ప్రాంతపు ఎండను ఎరిగినవారికి వర్ణన అక్కరలేదు. సంవత్సరమంతటికీ సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పొందే పీఠభూమి ఇది. ఆ సమయానికి వీధికుక్క సైతం మంటపం నీడ విడిచి కదలదు. అంతటి ఎండలో ఒక పెద్దాయన తలపాగా సవరించుకుంటూ వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. వేరుశనగ పండించుకొనే రైతు, అరవై దాటినవాడు, శనివారం తప్పక దర్శనానికి వచ్చేవాడు. చేతిలో మనుమడి ఫోను ఉన్నది.

“సామీ, పగులు పండుకుంటే పక్షవాతం వస్తాదంట. దీంట్లో ఏసినారు. నిజమేనా? బువ్వ తింటానే నాకు కండ్లు మూతలు పడతాయి. యాం చేయాల?”

నేను నవ్వినాను. “పెద్దన్నా, ఇవన్నీ పట్టించుకోవద్దు. గ్రీష్మంలో పగటి నిద్రకు చరకుడే అనుమతి ఇచ్చినాడు. నిశ్చింతగా పండుకో” అన్నాను. ఆయన ముఖం తేటపడినది. అక్కడే స్తంభానికి ఆనుకొని కన్నులు మూసినాడు.

ఆ సమాధానంలో శాస్త్రం ఎంత ఉన్నది, అహంకారం ఎంత ఉన్నది అనే విచారణే ఈ వ్యాసం. దీనికోసం కొంత చరిత్రను, కొంత తర్కాన్ని తడవవలసి ఉన్నది. పాఠకులు ఓపిక వహింతురు గాక.

ఆ సాయంకాలం మా అబ్బాయి చేత ఆ వార్తకు మూలాన్ని వెదికించినాను. 2019 డిసెంబరులో ఒక అమెరికా నాడీవైద్య పత్రికలో వెలువడిన చైనా అధ్యయనమది. హుబేయ్ రాష్ట్రంలో డాంగ్‌ఫెంగ్ అనే మోటారు వాహనాల సంస్థ నుండి విరమించిన ఉద్యోగులు 31,750 మందిని సుమారు ఆరేండ్లు గమనించినారు. వారి సగటు వయస్సు అరవైరెండుకు దగ్గర. మధ్యాహ్నం తొంభై నిమిషాలకు మించి నిద్రించేవారిలో, అరగంట లోపు కునుకు తీసేవారి కంటె పక్షవాతం 25 శాతం అధికంగా కనబడినదట. గంట లోపు నిద్రించేవారికి ఆ ఆధిక్యం లేదు. ఈ చివరి మాట ఫోనులోని వార్తలో లేదు. తొంభై నిమిషాల ముచ్చటా లేదు. “ఇది కారణాన్ని నిరూపించడం కాదు” అని పరిశోధకులే చెప్పుకున్న ముచ్చట అంతకంటె లేదు. మిగిలినది “పగటి నిద్ర పక్షవాతం తెస్తుంది” అన్న ఒక్క వాక్యం, ఒక నిద్రపోతున్న వృద్ధుని బొమ్మ.

25 శాతమన్నది కూడ ఎట్టి పరిమాణమో చూడవలె. నూరుమందిలో నలుగురికి రావలసిన వ్యాధి ఐదుగురికి వచ్చినా అది 25 శాతం ఆధిక్యమే. (ఇది లెక్క తెలియుటకు నేను కల్పించిన ఉదాహరణ మాత్రమే.) మిగిలిన తొంభై ఐదుగురు హాయిగా నిద్రించి లేచినారన్నది వార్త కాజాలదు గదా.

ఇక తర్కం. పదునేడవ శతాబ్దంలో ఆంధ్రుడైన అన్నంభట్టు బాలుర కోసం తర్కసంగ్రహమనే చిన్న గ్రంథం వ్రాసినాడు. పాఠశాలలో మాకు పదమూడేండ్ల వయస్సులో దానిని వల్లె వేయించినారు. అప్పుడు అర్థం కాలేదు. ఈ వార్త చదివిన రాత్రి అర్థమైనది. పొగ ఉన్నచోట నిప్పు ఉన్నదని ఊహించవచ్చును. కాని నిప్పు ఉన్నచోటనెల్ల పొగ ఉండునని ఊహించరాదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉన్నది, పొగ లేదు. పొగ రావలెనంటే నిప్పుతో పచ్చికట్టె కలియవలె. కనుక నిప్పుకూ పొగకూ నడుమ మన కంటికి తప్పిపోయిన పచ్చికట్టె ఒకటి ఉన్నది. దానికే ఉపాధి అని పేరు. ఉపాధిని గుర్తింపక చేసిన అనుమానం చెల్లదు.

ఈనాటి వైద్యగణకులు కూడ ఇదే దోషాన్ని ఎరుగుదురు; వేరొక పేరుతో పిలుస్తారు. మధ్యాహ్నం రెండు గంటలు నిద్రించేవారిలో పక్షవాతం హెచ్చుగా ఉన్నదంటే, నడుమ పచ్చికట్టె ఏది? రక్తపోటు కావచ్చును. గురకతో ఊపిరి ఆగి ఆగి రాత్రి నిద్ర చెడినవాడు పగలు కూలబడుట కావచ్చును. మనోవ్యాకులత కావచ్చును. బయటపడని మరొక వ్యాధి కావచ్చును. పరిశోధకులు తాము అడిగి తెలుసుకొన్న ఉపాధులకు లెక్కలో సవరణ చేస్తారు, అందుకు వారిని నిందింపరాదు. అడగనివాటికి సవరణ ఎట్లు చేయగలరు?

మా ప్రాంతంలో అడుగవలసిన ప్రశ్న ఏ విదేశీ ప్రశ్నపత్రంలోనూ ఉండదు. “రాత్రి మీకు కరెంటు ఎన్నింటికి వస్తుంది?” అన్నది ఆ ప్రశ్న. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ప్రకటించినారు. మేలే జరిగినది. కాని ఇచ్చే ఏడు గంటలలో కొంత భాగం రాత్రివేళ వచ్చేది. అర్ధరాత్రి దాటిన తరువాత చేతిలో టార్చిలైటు, భుజాన గొంగడి, పాముల భయం మధ్య బోరు మోటారు దగ్గర కావలి కాచి, మడవ మార్చి, తెల్లవారి ఇల్లు చేరిన రైతులు ఈ మండలంలో ఇంటికొకరు ఉన్నారు. తరువాతి కాలంలో పగటిపూటనే తొమ్మిది గంటలు ఇచ్చే విధానం వచ్చినది గాని, ఏండ్ల తరబడి తలక్రిందులైన శరీరధర్మం ఉత్తర్వుతో మారదు. అట్టివాడు మధ్యాహ్నం నిద్రిస్తే దానిని పగటి నిద్ర అనాలా, ఆలస్యంగా వచ్చిన రాత్రి నిద్ర అనాలా? లెక్కవ్రాసేవాని పట్టికలో రెండూ ఒకే గడిలో పడతాయి.

భాగవతంలోని ముచుకుందుని తలచుకోండి. దేవతల పక్షాన చిరకాలం నిద్ర లేక యుద్ధం చేసి, అలసి, నిద్రనే వరంగా కోరి గుహలో పరుండినాడు. అతని దీర్ఘనిద్ర అలసటకు ఫలం. శ్రీకృష్ణుని వెంటాడుతూ వచ్చిన కాలయవనుడు అతనిని కాలితో తన్ని లేపి భస్మమైనాడు. ఆ గుహద్వారం వద్ద లెక్కవ్రాసేవాడొకడు కూర్చున్నట్లయితే, దీర్ఘనిద్ర ఉన్నచోట ఒక మరణం అని వ్రాసుకొని ఉండేవాడు! మన స్త్రీల పాటలలోని ఊర్మిళాదేవి కథ కూడ ఇట్టిదే. పదునాలుగేండ్లు లక్ష్మణుడు మేలుకొన్నందున అతని వంతు నిద్రను ఆమె నిద్రించినది. ఒకరి నిద్రను వేరొకరి జాగరణతో కలిపి చూడనిదే అర్థం తెలియదని మన పెద్దమ్మలకు తెలుసు.

ఈ నిద్రాగణనం ఎప్పుడు మొదలైనది? ఎనిమిది గంటల నిద్ర అన్న సంఖ్య వైద్యశాస్త్రం నుండి పుట్టినదని చాలామంది తలుస్తారు. 1817 ప్రాంతంలో ఇంగ్లండులో రాబర్ట్ ఓవెన్ అనే మిల్లు యజమాని, రోజును శ్రమకు, వినోదానికి, విశ్రాంతికి ఎనిమిదేసి గంటలుగా మూడు పాళ్ళు చేయవలెనని ప్రచారం చేసినాడు. అది కార్మికుల హక్కుల మాట, నాడిని చూచి చెప్పిన మాట కాదు. 1959లో అమెరికా కాన్సర్ సంఘం పొగాకు మొదలైనవాటి ప్రభావం తెలుసుకొనుటకు పది లక్షలకు పైబడిన జనాన్ని ప్రశ్నించినది. ఆ దీర్ఘమైన ప్రశ్నపత్రంలో నిద్ర ఒక చిన్న ప్రశ్న. 1964లో హేమండ్ అనే గణకుడు ఆ లెక్కలు తీస్తే ఏడు గంటలు నిద్రించేవారిలో మరణాలు అన్నింటికంటె తక్కువగా కనబడినవి. అదే సంఘం 1982లో ఆరంభించిన రెండవ గణనాన్ని క్రిప్కే మొదలైనవారు పరిశీలించి 2002లో ప్రకటించినారు. పదకొండు లక్షల మంది. మరల ఏడు గంటలే ఉత్తమం. ఎనిమిది, అంతకు మించి నిద్రించేవారిలో మరణాలు కొంత హెచ్చు. ఏ ఎనిమిది గంటల కోసం కార్మికులు పోరాడినారో అదే ఇప్పుడు అనుమానాస్పదమైనది.

2007లో గ్రీసు దేశం నుండి మరొక లెక్క వచ్చినది. హృద్రోగం, పక్షవాతం, కాన్సర్ లేని 23,681 మందిని ఆరేండ్లకు పైగా గమనించినారు. వారంలో మూడు పర్యాయాలైనా అరగంట తగ్గకుండా మధ్యాహ్నం నిద్రించేవారిలో హృద్రోగ మరణాలు 37 శాతం తక్కువ అని తేల్చినారు. ఉద్యోగం చేసే పురుషులలో ఆ మేలు మరింత స్పష్టంగా కనబడినదట. చూడండి, ఒకచోట పగటి నిద్ర రక్షకం, మరొకచోట భక్షకం. మన తార్కికులు దీనిని సత్ప్రతిపక్షమన్నారు. ఒక హేతువుకు సమానబలం గల ప్రతిహేతువు ఎదురు నిలిచినప్పుడు రెండింటిలో ఏదీ నిర్ణయం చేయజాలదు. ఒకటి హృదయాన్ని గూర్చి, మరొకటి మెదడును గూర్చి చెప్పినవని ఆక్షేపింపవచ్చును. ఆ భేదం నిజమే, కాని ఫోనులోని వార్త అంత భేదాన్ని పాటించలేదు.

నాకు ఎక్కువ ఆసక్తి కలిగించినది వేరొకటి. 2018 చివర వెలువడిన ఒక మహాగణనంలో భారతదేశం సహా 21 దేశాల నుండి 1,16,632 మంది ఉన్నారు. రాత్రి ఆరు గంటలకు మించి నిద్రించి, పగలు కూడ నిద్రించేవారిలో ప్రమాదం హెచ్చుగా కనబడినది. రాత్రి ఆరు గంటలు గాని అంతకు తక్కువ గాని నిద్రించేవారిలో పగటి నిద్రకు ఆ సంబంధం లేదు. అనగా రాత్రి కొరవడిన దానిని పగలు పూరించుకొనేవాడు ఒక జాతి, రెండు పూటలా నిద్ర చాలనివాడు మరొక జాతి. మా రైతు ఏ జాతివాడు అని నేను ఆనాడు అడుగలేదు. ఈ మాటకు మరల వస్తాను.

ఈ గణనాలన్నిటిలో ఒక మూలదోషం ఉన్నది. దానిని వేదాంతి సులభంగా పట్టుకోగలడు. “మీరు ఎన్ని గంటలు నిద్రిస్తారు?” అని అడిగి, చెప్పిన సమాధానాన్ని వ్రాసుకుంటారు. ఎవరు చెప్పాలి? నిద్రించినవాడే. సుషుప్తిని గూర్చి మన ఆచార్యుల విచారమంతా ఈ చిక్కు చుట్టూనే తిరిగినది. మేలుకొన్నవాడు “సుఖంగా నిద్రించితిని, ఏమీ ఎరుగను” అంటాడు. ఏమీ ఎరుగనివాడు సుఖాన్ని ఎట్లు స్మరించినాడు? కనుక అక్కడ కూడ ఒక సాక్షి ఉండి తీరవలెనని సిద్ధాంతం. బృహదారణ్యకంలో అజాతశత్రువు గార్గ్యుని వెంటబెట్టుకొని నిద్రిస్తున్న మనుష్యుని దగ్గరకే పోయినాడు. ఈ విజ్ఞానమయ పురుషుడు ఇంతవరకు ఎక్కడ ఉన్నాడు అని అడిగినాడు. మాండూక్యం సుషుప్తుని ఆనందమయుడన్నది. ఆ సాక్షి ఆనందానికి సాక్షియే గాని గడియారానికి సాక్షి కాదు. సుఖంగా నిద్రించితినన్న మాట నమ్మదగినది. ఆరున్నర గంటలు నిద్రించితినన్న మాట ఊహ.

ఇది నా ఉపన్యాస చమత్కారం కాదని తెలిపే నిదర్శనం మనకు దగ్గరలోనే దొరికినది. తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్న చెన్నపట్టణంలో కొందరు ఆర్థికశాస్త్రవేత్తలు 452 మంది అల్పాదాయ వర్గీయులను కంప్యూటరు ముందు అక్షరాలు నమోదు చేసే పనికి కుదుర్చుకొని, సుమారు నెల రోజులు పరీక్షించినారు. ఫలితాలు 2021లో వెలువడినవి. వీరు నోటిమాటను నమ్మక మణికట్టుకు యంత్రం కట్టినారు. జనం పడక మీద ఉన్నది ఎనిమిది గంటలు, నిజంగా నిద్రించినది ఐదున్నర గంటలు మాత్రమే! ఉక్క, దోమలు, వీధి రొద మిగిలిన కాలాన్ని మింగినవి. ఇంకొక విశేషం. వీరు కేవలం చూచి ఊరకుండలేదు. చీట్లు తీసినట్లు జనాన్ని విభజించి, కొందరికి రాత్రి నిద్ర పెరిగే సౌకర్యాలు, సలహాలు ఇచ్చినారు; కొందరికి పనిచోటనే మధ్యాహ్నం అరగంట నిద్రించే ఏర్పాటు చేసినారు. రాత్రి నిద్ర సగటున 27 నిమిషాలు పెరిగినది, కాని పనిలో గాని బుద్ధిలో గాని కనబడదగిన మార్పు రాలేదు. మధ్యాహ్నం అరగంట కునుకు మాత్రం పనితనాన్ని, ఏకాగ్రతను, మనఃస్వాస్థ్యాన్ని పెంచినది. ఆ అరగంట పని పోయిన నష్టం కూలిలో కొంత కనబడినదనీ వారే నిజాయితీగా వ్రాసినారు.

చీట్లు తీసి విభజించడమెందుకు? ఉపాధిని వదిలించుకొనుటకు. రోగి, ఆరోగ్యవంతుడు, రాత్రికావలి వాడు, గురక వాడు రెండు పక్షాలలోనూ సమానంగా పడతారు. అప్పుడు మిగిలిన భేదం నిద్రదే. అన్నంభట్టు ఆ పద్ధతిని చూచి ఉంటే సంతోషించేవాడు. అయితే నెల రోజుల పరీక్ష పక్షవాతాన్ని గూర్చి చెప్పజాలదు. పదేండ్ల పాటు చీటీ ప్రకారం జనాన్ని నిద్రింపజేయడం ఎవరి తరం?

లెక్కలన్నీ వ్యర్థమని నా పక్షం కాదు. 1937లో నాటి నెల్లూరు జిల్లా గ్రామాలలో ఎముకలు బిగుసుకొని నడుములు వంగిన జనాన్ని చూచి షార్ట్ మొదలైన వైద్యులు ఆ వ్యాధికి బావినీటిలోని ఫ్లోరైడు హేతువని ప్రకటించినారు. ఆ నీరు ఉన్నచోట వ్యాధి ఉండుట అన్వయం, ఆ నీరు లేనిచోట లేకుండుట వ్యతిరేకం. రెండూ కుదిరినవి. మా జిల్లాలో లోతు బోర్ల నీరు తాగే పల్లెలలో కూడ ఆ వ్యాధిని ఎరుగుదుము. చూచి లెక్కించుట వలననే ఆ హేతువు పట్టుబడినది. నీరు బయటి వస్తువు. కుండలో పట్టి తూచవచ్చును, మార్చి చూడవచ్చును. నిద్ర అట్లు కాదు. అది రోగంతో, వయస్సుతో, దుఃఖంతో, ఋతువుతో పెనవేసుకొని ఉంటుంది. మా వైపు పట్టుపురుగులు పెంచేవారు, పురుగు మేత మాని తలయెత్తి కదలక ఉండే దశను జ్వరమంటారు. తన జీవితంలో నాలుగు మార్లు అట్లు ‘జ్వరపడి’, చర్మం విడిచి, లేచి మరింత ఆకు తింటుంది. పేరు జ్వరం, పని పెరుగుదల. పేరును బట్టి మందు వేసేవాడు పంటను పాడు చేసుకుంటాడు.

ఇంతవరకు పరుల గ్రంథాలను పరీక్షించితిని. అదే కత్తిని మన గ్రంథాల మీద పెట్టకపోతే అది పక్షపాతమే. చరకుడు గ్రీష్మంలో తప్ప ఇతర ఋతువులలో పగటి నిద్ర శ్లేష్మపిత్తాలను ప్రకోపింపజేయునని, తలనొప్పి, జడత్వం మొదలైనవి కలుగునని చెప్పినాడు. ఎంతమందిని చూచి చెప్పినాడో మనకు చెప్పలేదు. ఆయన కూడ ఉపాధిలో పడి ఉండవచ్చునని అనుటకు నాకు సంకోచం లేదు. ఋషిత్వం తర్కానికి జంకదు. అయితే ఆయన వార్తాపత్రిక కంటె జాగరూకుడు. బరువులు మోసి, దారి నడిచి, శ్రమించి అలసినవారు, రాత్రి మేలుకొన్నవారు, వృద్ధులు, బాలురు, దుర్బలులు, గాయపడినవారు అన్ని ఋతువులలోనూ పగలు నిద్రింపవచ్చునని మినహాయింపుల పట్టిక ఇచ్చినాడు. వాగ్భటుడైతే రాత్రి మేలుకొన్న కాలంలో సగం మరునాటి ఉదయం భోజనానికి పూర్వమే నిద్రింపవలెనని కొలత కూడ చెప్పినాడు. మా కరెంటు రైతుల కోసమే వ్రాసినట్లున్నది.

ఉపనయనంలో వటువునకు చేసే ఉపదేశాలలో పగలు నిద్రింపవద్దన్నది ఒకటి. దానిని ఎందరికో నేనే చేయించినాను. అది విద్యార్థి వ్రతం. అధ్యయనకాలం వ్యర్థం కారాదన్నది దాని తాత్పర్యం. దానిని పక్షవాతంతో ముడిపెట్టి, “చూచితిరా, మనవాళ్ళు ఏనాడో చెప్పినారు” అని చైనా అధ్యయనాన్ని ప్రమాణంగా చూపే ఉపన్యాసకులను ఈ మధ్య విన్నాను. గ్రీసు అధ్యయనం వచ్చినప్పుడు వీరు ఏమి చేసినారో!

ఇప్పుడు ఈ వ్యాసానికి పేరైన మాట. చరకుడు నిద్రలను జాతులుగా విభజించినాడు. తమస్సు వలన కలిగేది, శ్లేష్మం వలన కలిగేది, మనశ్శరీరాల శ్రమ వలన కలిగేది, రాత్రి స్వభావం వలన కలిగేది మొదలైనవి. రాత్రి స్వభావం వలన కలిగేదానిని భూతాలను పోషించే తల్లిగా కీర్తించినాడు. ఆ జాతులలో ఒకటి వ్యాధ్యనువర్తిని, వ్యాధిని అనుసరించి వచ్చే నిద్ర. అనగా వ్యాధి ముందు, నిద్ర వెనుక. నేటి గణకులు కార్యకారణాలు తారుమారగుట అని హెచ్చరించే దోషం ఆ ఒక్క సమాసంలో ఇమిడి ఉన్నది. ఆ మాటను నేను ఎన్నోసార్లు చదివినాను. ఉపన్యాసంలో ప్రశంసించినాను కూడ.

ఆ సంవత్సరం కార్తికమాసంలో దీపారాధనకు ఆ పెద్దాయన కోడలు ఒంటరిగా వచ్చినది. మామగారు ఆసుపత్రిలో ఉన్నారని చెప్పినది. చక్కెరవ్యాధి ముదిరినదట. పొలంలో గుచ్చుకొన్న ముల్లు మానక, కుళ్ళి, కుడికాలి వేళ్ళలో రెండింటిని తీసివేయవలసి వచ్చినదట. నేను చూడబోయినాను. చిక్కి సగమైనాడు. ఎప్పటినుండి ఇట్లున్నదని అడిగితే, రెండేండ్లుగా దాహమెక్కువని, రాత్రి నాలుగైదు మార్లు లేవవలసి వచ్చేదని, ఉదయం పూట కూడ చేనిగట్టున కునుకు వచ్చేదని చెప్పినాడు. “ఎండకు అనుకుంటి సామీ” అన్నాడు. కాసేపాగి, నవ్వుతూనే, “మీరే గదా పండుకోమంటిరి” అన్నాడు.

అందులో నింద లేదు. నింద ఉన్నట్లయితే నాకు సులభమయ్యేది.

ఇంటికి వచ్చి చరకసంహిత నిదానస్థానం తీసినాను. ప్రమేహానికి పూర్వరూపాలు చెప్పే చోట దాహం, నోరు ఎండుట, చేతులు కాళ్ళు తిమ్మిరులు, మంటలు, మూత్రానికి చీమలు పట్టుట చెప్పి, చివరన ఎల్లవేళలా నిద్ర, కునికిపాటు అని ఉన్నది. ముప్పది ఏండ్లుగా నా అలమరలో ఉన్న పుస్తకమది. సూత్రస్థానంలోని అనుమతి నాకు నోటికి వచ్చినది గాని నిదానస్థానంలోని హెచ్చరిక రాలేదు. శాస్త్రంలో సగం చదివి ఆజ్ఞ ఇచ్చినాను.

నేను చేసిన తప్పు తర్కంలోనూ ఉన్నది. పొగ నిప్పుకు కారణం కాదు. నిప్పే పొగకు కారణం. కాని పొగ నిప్పుకు లింగం, గుర్తు. పగటి నిద్ర వలన వ్యాధి వస్తుందన్నప్పుడు ఆ వార్త పొగను కారణం చేసినది. అది తప్పని నేటికీ అంటాను. పొగ కారణం కాదని సిద్ధాంతం చేసి, కనుక నిప్పే లేదని నేను ఆ పెద్దాయనకు చెప్పినాను. ఆ వార్త ఆయనను నిద్రకు భయపడమన్నది, నేను నిశ్చింతగా ఉండమన్నాను. ఈ నిద్ర క్రొత్తగా వచ్చినదా, పాతదా అని ఇద్దరమూ అడుగలేదు. ఆయన భయంతో నిద్రను బలవంతంగా ఆపుకొని ఉన్నా ప్రయోజనం ఉండేది కాదు. పొగను ఊదివేస్తే నిప్పు ఆరదు. ఒక రక్తపరీక్ష చేయించి ఉంటే వేళ్ళు ఉండేవేమో. ఉండేవని నిశ్చయంగా అనుటకు కూడ నాకు అధికారం లేదు, అది మరొక అనుమానమగును.

నాటి నుండి మంటపంలో ఎవరైనా నిద్రను గూర్చి అడిగితే వెంటనే శ్లోకం అందుకొనుట మానినాను. ఈ నిద్ర ఎప్పటినుండి? రాత్రి ఎట్లు గడుస్తున్నది? దాహం ఉన్నదా, బరువు తగ్గినదా, నిద్రలో గురకతో ఊపిరి ఆగుతున్నదని ఇంట్లోవారు అంటున్నారా? వీటిలో ఏదైనా ఉన్నదంటే వైద్యుని దగ్గరకు పొమ్మంటాను. ఏదీ లేక ఎండకు, శ్రమకు, వయస్సుకు వచ్చే కునుకైతే చరకుని మాట, చెన్నపట్టణపు లెక్క రెండూ చెప్పి, అరగంట పండుకోమంటాను. పురోహితునికి ఈ వైద్యం ఎందుకని ఒకరు ఆక్షేపించినారు. వారన్నదీ నిజమే, వైద్యం కాదు గనుకనే ప్రశ్నలతో ఆపుతున్నాను.

మొన్నటి శనివారం పెద్దాయన వచ్చినాడు. మెత్తని చెప్పులు మెట్టు క్రింద విడిచి, కర్ర ఊనుకొని ప్రదక్షిణ చేసినాడు. నైవేద్యమైన తరువాత ప్రసాదంలో ఒక్క ముద్ద మాత్రం తీసుకొని, మిగిలినది మనుమనికి ఇచ్చినాడు. గర్భాలయ ద్వారాలు మూసి వచ్చేసరికి తలపాగా తలక్రింద పెట్టుకొని స్తంభం నీడలో పరుండి ఉన్నాడు. “మాత్ర వేసుకొంటివా పెద్దన్నా?” అని అడిగినాను. కన్నులు తెరువకుండానే చేయి ఊపినాడు. మనుమడు ఫోనులో గంట చూచి, అరగంటకు తాతను లేపవలెనని నాతో చెప్పి, గుమ్మం దగ్గర కాపలా కూర్చున్నాడు.